జబ్బుపడ్డ పిల్లలకూ వేసవి సెలవులు కావాలి



వేసవి సెలవులు అనగానే మీకు ఏం గుర్తుకు వస్తుంది? అమ్మమ్మగారి ఊరు, మామిడితోట, ఈత నేర్చుకున్న చెరువు, రాత్రిపూట డాబా మీద చాపలు పరచుకుని చెప్పుకున్న కథలు. పిల్లలకు సెలవులంటే బడి లేని రోజులు మాత్రమే కావు. పెద్దవాళ్ల చూపు కాస్త అటు తిరిగినప్పుడు తమంతట తాముగా చెట్టెక్కి, జారిపడి, లేచి, మోకాలి దెబ్బను ఇంట్లో చెప్పకుండా దాచుకుని, 'నేను కూడా చేయగలను' అని తెలుసుకునే రోజులు అవి.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకోండి. ఏడేళ్ల పాపకు జ్వరం వచ్చి తగ్గడం లేదు. ముఖం పాలిపోయింది. ఒంటి మీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు. ఊళ్లో డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, పట్నానికి పంపించారు. పట్నంలో వాళ్లు హైదరాబాదుకు పంపించారు. అక్కడ చెప్పిన మాట: రక్త క్యాన్సరు. అమ్మ పాపతో ఆసుపత్రిలో ఉండిపోయింది. నాన్న అప్పుల కోసం తిరుగుతున్నాడు. పదేళ్ల అన్నయ్యను అమ్మమ్మ దగ్గర దింపారు. మందులు వారం కాదు, నెల కాదు, రెండు మూడేళ్లు వాడాలి. పాప జుట్టు ఊడిపోయింది. బడి ఆగిపోయింది. పక్కింటి పిల్లలు ఆటకు రావడం మానేశారు.

ఈ పాపకు వేసవి వస్తుందా? ఈ ప్రశ్నకు ప్రపంచంలో కొందరు మంచి మనుషులు ఆచరణలో ఇచ్చిన జవాబు ఏమిటో ఈ వారం తెలుసుకుందాం. క్యాన్సరుతో పోరాడుతున్న పిల్లల కోసం, వాళ్ల కుటుంబాల కోసం పూర్తిగా ఉచితంగా నడుస్తున్న వేసవి శిబిరాలే ఆ జవాబు.

1. ముందుగా తెలుసుకోవలసిన మాట

పిల్లల క్యాన్సరు అనగానే మనలో చాలామంది 'ఇంకేముంది, అయిపోయింది' అనుకుంటాం. ఆ మాట నిజం కాదు. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో చాలావాటిని నేడు నయం చేయవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రతి ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలకు, 19 ఏళ్ల లోపు వారికి, క్యాన్సరు వస్తున్నది. ధనిక దేశాలలో వారిలో నూటికి 80 మందికి పైగా కోలుకుంటున్నారు. పేద దేశాలలో, మధ్యతరగతి దేశాలలో చాలాచోట్ల ఆ సంఖ్య 30 కంటే తక్కువ. తేడా ఎక్కడ వస్తున్నది? జబ్బును ఆలస్యంగా గుర్తించడంలో, మందులు అందకపోవడంలో, మొదలుపెట్టిన చికిత్సను మధ్యలో మానేయడంలో. పరిస్థితిని మార్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. 2030 నాటికి ప్రపంచమంతటా నూటికి కనీసం 60 మంది పిల్లలైనా బ్రతకాలన్నది దాని లక్ష్యం.

ఈ విజయగాథలో మన తెలుగువాడికి ముఖ్యమైన పాత్ర ఉందని మీకు తెలుసా? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందునే బోస్టన్ నగరంలోని డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947లో రక్త క్యాన్సరు పిల్లలకు ఇచ్చి చూశారు. అంతవరకు కొన్ని వారాలలో, నెలలలో చనిపోతున్న పిల్లలు లేచి తిరగసాగారు. ఆ మెరుగుదల కొద్దికాలమే నిలిచింది. అయినా ఆ జబ్బు మందుకు లొంగుతుందని మొదటిసారిగా తెలిసింది. 1948లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అదే ఏడాది సుబ్బారావుగారు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ అనే మందును నేటికీ రక్త క్యాన్సరు పిల్లలకు వాడుతున్నారు. మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు మొక్క నుండి తీసిన విన్‌క్రిస్టిన్ అనే మందు 1963లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. ఇలా ఒక మందుకు మరొక మందు తోడై, చావు తప్పదనుకున్న పిల్లలు బ్రతికి, పెరిగి పెద్దవాళ్లయ్యే రోజులు వచ్చాయి.

(బిళ్లగన్నేరు ఆకు నూరి పిల్లలకు తాగించమని దీని అర్థం కాదు సుమా! అది విషం. శుద్ధిచేసి, కొలిచి, డాక్టరు చేతి మీదుగా ఇచ్చినప్పుడే అది మందు.)

2. జబ్బు తీసుకుపోయేవి

పిల్లలు బ్రతకడం మొదలైన తరువాత డాక్టర్లకు, నర్సులకు ఒక కొత్త సంగతి కనిపించింది. మందు జబ్బును తగ్గిస్తుంది. కానీ జబ్బు తనతో తీసుకుపోయిన వాటిని మందు తెచ్చి ఇవ్వలేదు.

బిడ్డ ఏం పోగొట్టుకుంటుందో చూడండి. సూది ఎప్పుడు గుచ్చాలో, ఏం తినాలో, ఎవరిని ముట్టుకోవచ్చో, ఎప్పుడు పడుకోవాలో, అన్నీ ఇతరులే నిర్ణయిస్తారు. 'వద్దు' అనే హక్కు ఆ బిడ్డకు ఉండదు. ఎందుకంటే ఆ సూది వేయక తప్పదు. 'పరుగెత్తకు, పడతావు', 'ఎండలోకి వెళ్లకు', 'అది ముట్టుకోకు' అనే మాటలు వినీ వినీ, తన శరీరం అంటే తనకే భయం పుడుతుంది. పైగా అందరూ జాలిగా చూస్తారు. జాలి చూపు కింద ఆడుకోవడం ఏ బిడ్డకూ చేతకాదు.

తోబుట్టువుల సంగతి మనం ఇంకా తక్కువగా ఆలోచిస్తాం. ఇంట్లో మాటలన్నీ చెల్లెలి గురించే. కొత్త బొమ్మ చెల్లెలికే. తన పుట్టినరోజు ఎవరికీ గుర్తులేదు. అందుకు అన్నకు కోపం వస్తుంది. కోపం వచ్చినందుకు సిగ్గు కలుగుతుంది. 'మొన్న నేను దాన్ని కొట్టాను, అందుకే దానికి జబ్బు చేసిందేమో' అని లోలోపల భయపడే పిల్లలు కూడా ఉంటారు. ఆ మాట పైకి చెప్పరు. ఎవరూ అడగరు కూడా.

ఇక తల్లిదండ్రులు. ఇద్దరూ కూర్చుని తీరికగా మాట్లాడుకుని ఎన్ని నెలలైందో వాళ్లకే తెలియదు. తల్లిని బంధువులు అడిగే ప్రశ్నలు మరింత గాయపరుస్తాయి: 'కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు? ఎవరి దిష్టి తగిలింది?' అని. పిల్లల క్యాన్సర్లలో ఎక్కువ భాగానికి ఫలానా కారణమని చెప్పగలిగేది ఏదీ లేదు. అది తల్లి తిన్న తిండి వల్ల రాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఎవరి తప్పుకూ శిక్ష కాదు. ఈ మూడు మాటలు మీ పిల్లలకు కూడా చెప్పండి.

3. ఒక సినిమా నటుడికి వచ్చిన ఆలోచన

అమెరికాలో పాల్ న్యూమన్ అనే పేరుమోసిన సినిమా నటుడు ఉండేవాడు. 1925లో పుట్టి 2008లో మరణించాడు. ఆయనకు వంట సరదా. పచ్చికూర ముక్కల మీద వేసుకునే సలాడ్ డ్రెస్సింగు తన ఇంటి కొట్టంలో స్వయంగా కలిపి, పాత సీసాలలో పోసి, క్రిస్మస్ పండుగకు ఇరుగుపొరుగు వారికి పంచేవాడు. అందరూ బాగుందనడంతో 1982లో తన స్నేహితుడు, రచయిత అయిన హాచ్‌నర్‌తో కలిసి దాన్ని అమ్మడానికి 'న్యూమన్స్ ఓన్' అనే కంపెనీ పెట్టాడు. ఇద్దరూ సరదాగా మొదలుపెట్టినది లాభాలు తెచ్చిపెట్టింది. వచ్చిన లాభమంతా ధర్మకార్యాలకే ఇవ్వాలని న్యూమన్ నిర్ణయించాడు. ఆ మాట నేటికీ నిలబడింది. ఇంతవరకు ఆ విధంగా ఇచ్చిన సొమ్ము 60 కోట్ల డాలర్లు దాటింది.

తన జీవితంలో అదృష్టం తనకు చాలా ఇచ్చిందని ఆయన తరచు అనుకునేవాడు. అదే అదృష్టం కొందరు పసివాళ్ల పట్ల ఎంతో కఠినంగా ఉన్నదని కూడా అనుకునేవాడు. ఆ ఆలోచన నుండే పెద్ద జబ్బులున్న పిల్లలకు ఒక వేసవి శిబిరం పుట్టింది. 1988లో అమెరికా ఈశాన్య భాగంలోని కనెక్టికట్ రాష్ట్రంలో, ఆష్‌ఫర్డ్ అనే ఊళ్లో, అడవి మధ్య చెరువు ఒడ్డున అది తెరుచుకుంది. కట్టడానికి కావలసిన డబ్బులో సౌదీ అరేబియా నుండి వచ్చిన 50 లక్షల డాలర్లు కూడా ఉన్నాయి. పిల్లల బాధకు దేశం, మతం అడ్డురావని చెప్పడానికి ఇదొక గుర్తు.

దానికి పెట్టిన పేరు వింటే మీ పిల్లలు నవ్వుతారు. 'హోల్ ఇన్ ది వాల్ గ్యాంగ్ క్యాంప్', అంటే 'గోడలో కన్నం ముఠా శిబిరం'. 1969లో న్యూమన్ నటించిన 'బుచ్ క్యాసిడీ అండ్ ది సన్‌డాన్స్ కిడ్' అనే సినిమాలో దొంగల ముఠా పేరు అది. శిబిరాన్ని పాతకాలపు కౌబాయ్ ఊరిలాగా కట్టారు. ఎందుకు? ఆసుపత్రి వాసన తగలని చోటు కావాలి. బుద్ధిగా పడుకున్న రోగులుగా కాక, అల్లరి చేసే ముఠాగా పిల్లలు తమను తాము చూసుకోవాలి. అదే ఆయన కోరిక.

2021 ఫిబ్రవరిలో ఆ శిబిరంలో అగ్నిప్రమాదం జరిగి, చేతిపనులు, వడ్రంగం, వంట నేర్పే భవనాలు కాలిపోయాయి. చిన్నా పెద్దా విరాళాలు ఇచ్చారు. వాటిని మళ్లీ కట్టుకున్నారు.

ఆ ఒక్క శిబిరం నుండి ఎన్నో పుట్టాయి. న్యూయార్క్ రాష్ట్రంలో 1993లో ఒకటి, ఐర్లండ్‌లో 1994లో బారెట్స్‌టౌన్ అనే పాతకోటలో ఒకటి, ఫ్లోరిడాలో 1996లో ఒకటి, హంగరీలో 2001లో ఒకటి, ఇటలీలో 2007లో ఒకటి. ఇవన్నీ కలిసిన కుటుంబానికి 2012 నుండి 'సీరియస్ ఫన్' అని పేరు. సుమారు 30 శిబిరాలు, కార్యక్రమాలు అందులో ఉన్నాయి. ఎక్కడా పిల్లల నుండి ఒక్క పైసా తీసుకోరు.

ఈ 'ఉచితం' అనే మాటను కాస్త ఆగి గమనించండి. అది పేదలకు మాత్రమే కాదు, అందరికీ ఉచితం. డబ్బున్న ఇంటి బిడ్డ, లేని ఇంటి బిడ్డ ఒకే గదిలో పడుకుంటారు. ఎవరి మంచానికి ఎవరు డబ్బు కట్టారన్న ప్రశ్నే ఉండదు. దానం తీసుకున్నానన్న చిన్నతనం ఏ బిడ్డకూ కలగదు.

4. శిబిరంలో ఏం జరుగుతుంది?

పిల్లలు సుమారు వారం రోజులు ఉంటారు. చెక్క ఇళ్లలో పదిమంది దాకా ఒకచోట పడుకుంటారు. వాళ్లతో పాటు యువకులు, యువతులు స్వచ్ఛందంగా సేవ చేయడానికి వచ్చి ఉంటారు. పగలు గుర్రపుస్వారీ, పడవ, చేపల వేట, విల్లు బాణాలు, బొమ్మలు వేయడం, చెక్కతో వస్తువులు చేయడం. రాత్రి నెగడు చుట్టూ పాటలు, నాటకాలు.

'ఇందులో విశేషం ఏముంది, అన్ని శిబిరాలలో ఉండేవే కదా' అంటారా? విశేషం అంతా కంటికి కనబడని చోట ఉంది. డాక్టర్లు, నర్సులు రాత్రింబవళ్లు అక్కడే ఉంటారు. అవసరమైన బిడ్డకు క్యాన్సరు మందు కూడా అక్కడే ఇస్తారు. కానీ ఆ వైద్యశాల వైద్యశాలలా ఉండదు. కనెక్టికట్ శిబిరంలో దాని పేరు 'ఓ.కె. కొరాల్'. అది కౌబాయ్ కథలలోని పేరు. సికిల్ సెల్ జబ్బున్న పిల్లలకు చల్లనీళ్లు తగిలితే ఒళ్లునొప్పులు మొదలవుతాయి. అందుకని ఈత కొలనులో నీళ్లు వెచ్చగా ఉంచుతారు. మన మన్యంలోని పిల్లల్లో కూడా ఆ జబ్బు ఉంది కనుక ఈ జాగ్రత్త మనకూ తెలియడం మంచిది. నడవలేని పిల్లలను కూడా నడుముకు పట్టీలు కట్టి, తాళ్లతో ఎత్తయిన స్తంభం పైకి చేరుస్తారు. పై నుండి గంట కొట్టి కిందికి చూసిన బిడ్డకు లోకం వేరుగా కనిపిస్తుంది.

ఇటువంటి శిబిరాలలో ఒక ముఖ్యమైన నియమం ఉంది. ఏ పనికీ బిడ్డను బలవంతం చేయరు. గుర్రం ఎక్కాలా, దూరం నుండి చూడాలా, దాని మెడ నిమిరి రావాలా అన్నది బిడ్డే నిర్ణయించుకోవాలి. మెడ నిమరడమే ఆ రోజుకు ఆ బిడ్డ సాధించిన విజయమైతే, అందరూ దానికే చప్పట్లు కొడతారు. రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఏం చేశామో కూర్చుని చెప్పుకుంటారు. ఏడాదంతా 'వద్దు' అనే హక్కు లేని బిడ్డకు ఇక్కడ ఆ హక్కు తిరిగి దొరుకుతుంది. 'నేను భయపడ్డాను, అయినా చేశాను' అనే మాట ఆ బిడ్డ నోటి నుంచే వస్తుంది. ఇంటికి వెళ్లాక మరో సూదికి చేయి చాపవలసి వచ్చినప్పుడు ఆ మాట తోడుగా ఉంటుంది.

ఇంకొక సంగతి. అక్కడ జుట్టు లేని తల వింత కాదు. టోపీ తీసేస్తే ఎవరూ తేరిపార చూడరు. ఒక కాలు లేని అబ్బాయిని 'ఏమైంది' అని జాలిగా అడగరు. అడిగినా, తన కథ కూడా చెప్పడానికే అడుగుతారు. 'నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు' అని బిడ్డకు తెలిసిన రోజు పెద్ద బరువు దిగుతుంది.

5. కుటుంబమంతటికీ చోటు

బిడ్డ ఒక్కతే జబ్బుపడదు, కుటుంబమంతా జబ్బుపడుతుంది. ఈ సత్యాన్ని గ్రహించి కొన్ని శిబిరాలు కుటుంబాన్ని మొత్తంగా పిలుస్తున్నాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, సెబాగో సరస్సు దగ్గర, లారీ గౌల్డ్, అన్నా గౌల్డ్ దంపతులు 1984లో 'క్యాంప్ సన్‌షైన్' మొదలుపెట్టారు. వాళ్లు అక్కడ విడిది గృహాలు నడిపే వ్యాపారస్తులు. ప్రాణాంతకమైన జబ్బులున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ కలిసి అక్కడికి వస్తారు. పిల్లలు ఆటలలో ఉన్నప్పుడు తల్లిదండ్రులు అదే కష్టంలో ఉన్న ఇతర తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడుకుంటారు. వంట, గిన్నెలు, మందుల లెక్క ఆ కొద్దిరోజులైనా వాళ్ల తల మీద ఉండవు.

ఐర్లండ్‌లోని బారెట్స్‌టౌన్‌లో తోబుట్టువులకు, కుటుంబాలకు శిబిరాలు ఉన్నాయి. బిడ్డను పోగొట్టుకున్న కుటుంబాలను కూడా పిలుస్తారు. ఇది చాలా లోతైన విషయం. బిడ్డ పోయిన తరువాత ఆసుపత్రి వాళ్ల పని ముగుస్తుంది, చుట్టాల రాకపోకలు తగ్గుతాయి. 'వాళ్ల ముందు ఆ పేరు ఎత్తకండి' అని మనం గుసగుసలాడుకుంటాం. అక్కడ మాత్రం ఆ పేరు ఎత్తవచ్చు. ఆ బిడ్డ చేసిన అల్లరి చెప్పుకుని నవ్వవచ్చు, ఏడవవచ్చు.

ఆస్ట్రేలియాలో వీరా ఎంట్విసిల్ అనే మహిళ 1983లో 'క్యాంప్ క్వాలిటీ' స్థాపించారు. వాళ్లు శిబిరాలతో ఆగలేదు. తోలుబొమ్మల వంటి బొమ్మలతో బడులకు వెళ్లి, క్యాన్సరు అంటే ఏమిటో, అది అంటుకోదని, తిరిగి వచ్చిన స్నేహితుడితో ఎలా ఉండాలో పిల్లలకు ఆట రూపంలో చెబుతారు. ఇంటికి వచ్చిన బిడ్డకు శిబిరం ఇచ్చిన ధైర్యం బడిలో ఒక్క వెక్కిరింపుతో పోకూడదు గదా!

6. ఒక న్యాయమైన ప్రశ్న

'మన దగ్గర మందులకే డబ్బు లేదు. ఆటలకు, గుర్రాలకు ఖర్చు పెట్టడం అవసరమా?' అని మీలో ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. దాన్ని దాటవేయకూడదు.

మందే ముందు. అందులో సందేహం లేదు. చికిత్స అందని బిడ్డకు శిబిరం ప్రాణం పోయలేదు. శిబిరం చికిత్సకు బదులు కాదు. 'శిబిరానికి వెళితే క్యాన్సరు తగ్గుతుంది' అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆ శిబిరాలు నడిపేవాళ్లు కూడా అలా చెప్పరు.

కానీ మరో వైపు కూడా చూడండి. మన వంటి దేశాలలో పిల్లలు చనిపోవడానికి ఒక ముఖ్యకారణం చికిత్స మధ్యలో మానేయడం. ఎందుకు మానేస్తారు? దారి ఖర్చులు, పట్నంలో తలదాచుకునే చోటు లేకపోవడం, పోయిన కూలి, ఇంటి దగ్గర వదిలి వచ్చిన మిగతా పిల్లలు, 'కాస్త బాగానే ఉంది కదా' అన్న భ్రమ. వీటితో పాటు అలసట, ఒంటరితనం. 'మేం ఒక్కళ్లమే ఈ కష్టంలో ఉన్నాం' అనుకునే తల్లికి, అదే చికిత్స పూర్తిచేసి బడికి వెళుతున్న మరో బిడ్డ కనిపిస్తే, రెండేళ్లు ఓపిక పట్టే బలం వస్తుంది. కుటుంబాలను ఒకచోట చేర్చడం అందుకే కేవలం వినోదం కాదు.

ఈ శిబిరాలకు గుర్రాలు, కోటలు ప్రాణం కావు. వాటి ప్రాణం మూడు మాటలలో ఉంది: బిడ్డను బిడ్డగా చూడడం, కుటుంబాన్ని ఒంటరిగా వదలకపోవడం, ఇచ్చేది లెక్క అడగకుండా ఇవ్వడం. ఈ మూడింటికీ విదేశీ డాలర్లు అవసరం లేదు.

7. మన దగ్గర మనం చేయగలిగినది

మన రాష్ట్రాలలో చికిత్సకు దారులు ఉన్నాయి. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి, విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పటి నుండి పేద కుటుంబాల పెద్ద జబ్బుల చికిత్సకు ప్రభుత్వ సహాయం అందుతున్నది. ముంబయిలో 2006లో నిహాల్, శ్యామా కవిరత్నే దంపతులు మొదలుపెట్టిన 'సెయింట్ జూడ్ ఇండియా' కేంద్రాలు హైదరాబాదుతో సహా పలు నగరాలలో ఉన్నాయి. చికిత్సకు వచ్చిన పిల్లలకు, తల్లిదండ్రులకు అక్కడ ఉచితంగా గది, వంట చేసుకునే చోటు, పిల్లలకు ఆటపాటలు, చదువు దొరుకుతాయి. ముంబయి, హైదరాబాదు వీధులలో ఫుట్‌పాత్ మీద పడుకుని బిడ్డకు చికిత్స చేయించుకున్న కుటుంబాల కష్టం చూసినవారికి దాని విలువ తెలుస్తుంది.

మరి మనం, విచారణలలోని సామాన్య కుటుంబాలం, ఏం చేయవచ్చు?

మొదటిది: మీ విచారణలో అటువంటి బిడ్డ ఉంటే, ఆ ఇంటి అన్నను, అక్కను మరచిపోవద్దు. వేసవిలో ఒక వారం మీ ఇంటికి పిలవండి. మీ పిల్లలతో పాటు సినిమాకో, ఏటి ఒడ్డుకో తీసుకువెళ్లండి. 'చెల్లికి ఎలా ఉంది' అని మాత్రమే కాక, 'నువ్వెలా ఉన్నావు నాన్నా' అని అడగండి.

రెండవది: తల్లికి ఒక పూట విరామం ఇవ్వండి. వంట చేసి పంపండి. పాపతో కాసేపు కూర్చుని ఆమెను నిద్రపోనివ్వండి. 'ఏమైనా కావాలంటే చెప్పు వదినా' అని వెళ్లిపోవద్దు. కష్టంలో ఉన్నవాళ్లు అడగలేరు. 'రేపు సాయంత్రం నేను వస్తున్నాను' అని చెప్పి వెళ్లండి.

మూడవది: జాగ్రత్తలు పాటించండి. క్యాన్సరు మందులు వాడే బిడ్డకు రోగనిరోధక శక్తి తక్కువ. మీకు జలుబు, దగ్గు ఉంటే వెళ్లవద్దు. చేతులు కడుక్కుని దగ్గరికి వెళ్లండి. ఎప్పుడో కోసిన పండ్లు, బండి మీద తినుబండారాలు తీసుకువెళ్లవద్దు. మీ ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ, తట్టు వస్తే వెంటనే ఆ తల్లికి చెప్పండి. అంతకుముందు కలిసి ఉన్నారంటే ఆమె ఆలస్యం చేయకుండా డాక్టరుకు తెలపాలి. ఆ బిడ్డకు జ్వరం వస్తే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లవలసిందే. ఆ వేళకు ఆటో, కారు ఎవరిదో ముందుగానే మాట్లాడి ఉంచడం కూడా పెద్ద సహాయమే.

నాలుగవది: వేసవిలో మన విచారణలలో పిల్లలకు తరగతులు, ఆటలు, పాటల పోటీలు జరుగుతాయి. యువజన సంఘం వారు, మహిళా సంఘం వారు కలిసి, డాక్టరు అనుమతితో, ఆ బిడ్డ కూడా రాగలిగే ఒక పూట ఏర్పాటు చేయవచ్చు. గుంపు తక్కువగా, నీడపట్టున, దాహానికి కాచి చల్లార్చిన నీళ్లతో. పరుగు పందెం బదులు బొమ్మలు వేయడం, పొడుపుకథలు, గాలిపటాలు. ఏం ఆడాలో ఆ బిడ్డనే అడగండి. 'చూస్తూ కూర్చుంటాను' అంటే కూర్చోనివ్వండి. రమ్మని పిలిచారన్నదే ఆ బిడ్డకు గుర్తుండిపోతుంది.

ఐదవది: బిడ్డ దక్కని ఇంటికి కూడా వెళ్లండి. నెల తరువాత, ఏడాది తరువాత, ఆ బిడ్డ పుట్టినరోజున. పేరు పెట్టి మాట్లాడండి.

8. ఇంటిల్లిపాదీ కలిసి ఆలోచించండి

ఈ వారం రాత్రి భోజనాల తరువాత పిల్లలతో కూర్చుని ఈ ప్రశ్నలు చర్చించండి.

అ) క్యాన్సరు అంటుకుంటుందని మన ఇంట్లో ఎవరైనా అనుకుంటున్నామా? ఆ మాట ఎక్కడ విన్నాం?

ఆ) జుట్టు ఊడిపోయిన స్నేహితురాలు మళ్లీ బడికి వస్తే మొదటిరోజు నువ్వు ఏం మాట్లాడతావు?

ఇ) జబ్బుపడ్డ బిడ్డకు ఏం చేయాలో పెద్దలం మనమే నిర్ణయిస్తున్నామా, బిడ్డను కూడా అడుగుతున్నామా?

ఈ) మన వీధిలో, మన విచారణలో అటువంటి కుటుంబం ఉందా? ఈ వేసవిలో మనం చేయగలిగిన ఒక్క పని ఏమిటి? దాన్ని ఏ రోజు చేస్తాం?

ఆఖరి ప్రశ్నకు జవాబును కాగితం మీద రాసి, గోడమీది క్యాలెండరులో ఆ తేదీ దగ్గర గుర్తుపెట్టండి. పండుగకు నాలుగు సీసాలు ఇరుగుపొరుగుకు పంచిన ఒక మనిషి సరదాలో నుండి అంతటి పని పుట్టింది. మీ ఇంటి నుండి వెళ్లే ఒక అన్నం క్యారేజీ, ఒక పిలుపు ఎంత దూరం పోతుందో ఎవరు చెప్పగలరు? మొదట్లో మనం ఊహించుకున్న ఆ ఏడేళ్ల పాపకు, అమ్మమ్మ ఇంటి అరుగు మీద ఒంటరిగా కూర్చున్న ఆ పదేళ్ల అన్నకు ఈ ఏడు వేసవి రావాలి. దాన్ని తీసుకుపోవలసింది మనమే.